లాకప్‌లో మనిషి చనిపోతే నిజనిర్ధారణకు ఎలా వెళ్లాలి

ఫోన్ ఎక్కువగా పొద్దున్నే వస్తుంది. "మా బావని మొన్న రాత్రి స్టేషన్‌కి తీసుకెళ్లారండి. ఇప్పుడేమో ఉరేసుకున్నాడంటున్నారు. మీ సంఘం వాళ్లు ఒకసారి రాగలరా?" మీరు పౌరహక్కుల సంఘంలోనో, మానవ హక్కుల వేదికలోనో, పీయూసీఎల్ అనే హక్కుల సంఘంలోనో కొత్తగా చేరి ఉండొచ్చు. లేదా మీ టౌన్‌లోనే నలుగురు టీచర్లూ ఇద్దరు వకీళ్లూ కలిసి ఒక చిన్న కమిటీ పెట్టుకుని ఉండొచ్చు. ఎక్కడున్నా ఆ ఫోన్ ఏదో ఒకరోజు మీకూ వస్తుంది.

తెలుగునాట ఈ పనికి యాభై ఏళ్ల అలవాటుంది. 1970లలో శ్రీశ్రీ అధ్యక్షుడిగా పౌరహక్కుల సంఘం మొదలైనప్పటి నుంచి, కన్నబిరాన్, బాలగోపాల్ లాంటి హక్కుల వకీళ్లు ఊళ్లు తిరిగి, జనంతో మాట్లాడి, రిపోర్టు రాసి అచ్చేయడాన్ని ఒక పద్ధతిగా నిలబెట్టారు. దానికే నిజనిర్ధారణ అని పేరు. మీకు సమన్లు ఇచ్చే అధికారం లేదు, సోదా చేసే అధికారం లేదు. మీ దగ్గర ఉండేది ఒక నోటుబుక్కు, అడిగే ఓపిక, అంతే. అందుకే ఎలా అడగాలి, ఏం రాయాలి అన్నదాని మీదే అంతా ఆధారపడుతుంది.

ఒక్క సంగతి ముందే మనసులో పెట్టుకోండి. లాకప్ మరణంలో అసలు విషయం గంటల్లో ఉంటుంది. మనిషిని నిజంగా తీసుకెళ్లిన గంటకీ, కాగితం మీద అరెస్టు చూపించిన గంటకీ మధ్య ఖాళీ ఉంటే, జరిగిందంతా అందులోనే జరిగి ఉంటుంది. ఆ ఖాళీని సాక్షులతో, కాగితాలతో నింపడమే మీ పని.

1. బయల్దేరే ముందే ఫోన్‌లో చెప్పాల్సినవి

మీరు బస్సెక్కి అక్కడికి చేరేసరికి శవం ఊరు దాటిపోవచ్చు. కాబట్టి ఫోన్ పెట్టేసేలోపే కుటుంబానికి ఇవి చెప్పండి.

చదవకుండా ఏ కాగితం మీదా సంతకం, వేలిముద్ర పెట్టొద్దు. శవపంచనామా, అంటే శవాన్ని పరిశీలించి కాగితం రాసుకోవడం, జరిగేటప్పుడు ఇంట్లోవాళ్లు ఒకరు పక్కనే ఉండాలి. శవాన్ని ఫోన్‌తో ఫొటోలు తీయాలి. ముందు ముఖం కనపడేలా ఒకటి, తర్వాత ముందువైపు, వెనకవైపు, మెడ, మణికట్లు, అరచేతులు, అరికాళ్లు. అరికాళ్లు మరిచిపోతారు, గుర్తుచేసి మరీ తీయించండి. పోస్టుమార్టం వీడియో తీయాలని అడగమనండి. అది దయతలచి ఇచ్చేది కాదు, 1995లోనే జాతీయ మానవ హక్కుల కమిషన్ రాష్ట్రాలన్నిటికీ రాసిన మాట.

ఇంకొకటి చెప్పడానికి ఇబ్బందిగానే ఉంటుంది. వాళ్ల ఆచారం ఒప్పుకుంటే, దహనం కాకుండా ఖననం చేసే వీలుందేమో అడగండి. 2021 జూన్‌లో అడ్డగూడూరు పోలీస్‌స్టేషన్‌లో ఒక దళిత మహిళ చనిపోయినప్పుడు పీయూసీఎల్ తెలంగాణ శాఖ హైకోర్టుకు వెళ్లింది. పూడ్చిన శవాన్ని బయటికి తీసి మళ్లీ పోస్టుమార్టం చేయమని కోర్టు ఆదేశించింది. కాల్చేస్తే ఆ దారి మూసుకుపోతుంది. అయితే నిర్ణయం కుటుంబానిదే. మీరు చెప్పి ఊరుకోండి, ఒత్తిడి చేయొద్దు. శవం ముందు కూర్చున్నవాళ్ల మీద అప్పటికే చాలామంది ఒత్తిడి పెడుతుంటారు.

2. ఎవరు వెళ్లాలి, ఏం తీసుకెళ్లాలి

నలుగురైదుగురు చాలు. పదిహేనుమందితో వెళ్తే అది నిజనిర్ధారణ అనిపించుకోదు, ఊరేగింపు అవుతుంది. పైగా అనుమతి లేని ఊరేగింపులను ఆపే పోలీస్ యాక్టు 30 అమల్లో ఉందని ఊరి పొలిమేరలోనే ఆపేస్తారు. టీమ్‌లో ఒక వకీలు, ఒక మహిళ తప్పనిసరి. తెలిసిన డాక్టరు ఎవరైనా ఫోన్‌లో దొరికేలా చూసుకోండి. చనిపోయిన మనిషి ఊరివాళ్లనీ, చుట్టాలనీ, పార్టీ పదవుల్లో ఉన్నవాళ్లనీ టీమ్‌లో పెట్టుకోవద్దు. ఆదివాసీ ఏజెన్సీ ప్రాంతంలో అయితే ఆ భాష తెలిసిన మనిషి కావాలి. స్టేషన్ వాళ్లు చూపించినవాణ్ణి దుబాసీగా పెట్టుకుంటే మీరు వెళ్లినా వెళ్లనట్టే.

సంచిలో రెండు నోటుబుక్కులు, పెన్నులు, కొలత టేపు, ఫోన్ చార్జర్, పవర్ బ్యాంక్ వేసుకోండి. కొలత టేపు ఎందుకో తర్వాత చెప్తాను. ఖర్చులు ఎవరి జేబులోంచి వాళ్లు పెట్టుకోవాలి. కుటుంబం భోజనం పెడతామంటుంది. టీ తాగండి, అంతకు మించి వద్దు. కారు ఎవరు పంపారు, భోజనం ఎవరు పెట్టారు అన్నదే రేపు మీ మీద మొదటి ప్రశ్న అవుతుంది.

3. కుటుంబంతో మాట్లాడేటప్పుడు

పదిమంది చుట్టూ నిలబడి ఉండగా మాట్లాడితే ఒక్కరి మాట అందరి మాట అయిపోతుంది. ఒక్కొక్కరితో విడిగా కూర్చోండి. భార్యతో టీమ్‌లోని మహిళ మాట్లాడాలి. "కొట్టి చంపారా?" అని అడగొద్దు. "ఆ రోజు పొద్దున్న లేచిన దగ్గర్నుంచి చెప్పమ్మా" అనండి, చెప్పనివ్వండి. ఏడుస్తుంటే ఆగండి. నోటుబుక్కు మూసేయండి.

ఇప్పుడు గంటల సంగతి. మన ఊళ్లలో ఎవరూ ఎనిమిది ఇరవైకి అని చెప్పరు. "పాలు పోసొచ్చాక", "కరెంటు పోయింది చూడండి, అప్పుడు", "ఆఖరి బస్సు వెళ్లిపోయాక", "ఇషా నమాజు అవుతుంటే" అంటారు. అది అస్పష్టమనుకుని వదిలేస్తే పొరపాటే. ఒక్కో మాట వెనకా ఒక కాగితమో, ఒక రికార్డో ఉంటుంది. ఒకసారి ఒకామె "నేను సాయంత్రం పాలు పోసొచ్చేసరికి జీపు వాకిట్లో ఉంది" అంది. పాల కేంద్రంలో ఇచ్చే చిన్న స్లిప్పు ఉంటుంది కదా, లీటర్లు, వెన్న శాతం, తేదీ, టైమ్ అచ్చయి ఉంటాయి. ఆమె దాన్ని మడిచి డబ్బాలో పడేసింది. తీసి చూస్తే సాయంత్రం 6:12. స్టేషన్ కాగితాల్లో అరెస్టు మర్నాడు మధ్యాహ్నం. మా రిపోర్టులో అన్నిటికంటే గట్టిగా నిలబడింది ఆ చీటీయే.

అలాగే భార్య ఫోన్‌లో కాల్ లిస్టు, స్టేషన్ ఎదుట టీ కొట్లో ఫోన్‌పే చేసిన ఎంట్రీ, చుట్టాలకు పెట్టిన వాట్సాప్ వాయిస్ మెసేజ్ అన్నీ చూడండి. స్క్రీన్‌షాట్లు తీయించి, అసలువి డిలీట్ చేయొద్దని చెప్పండి.

4. సాక్షులు

ఇక్కడే మీరు హాని చేసే ప్రమాదం ఉంది. టీ కొట్టు అతను రోజూ ఆ స్టేషన్ ముందే బతకాలి. ఆటో అతని పర్మిట్ వాళ్ల చేతిలోనే ఉంటుంది. అందరి ముందూ వెళ్లి అతన్ని ప్రశ్నలు అడిగితే, మీరు సాయంత్రం బస్సెక్కుతారు, అతను అక్కడే ఉంటాడు. మామూలు గిరాకీలా వెళ్లండి, టీ తాగండి, మాట్లాడతాడేమో చూడండి. ఇష్టం లేకపోతే వదిలేయండి. మాట్లాడితే పేరు రాయొద్దు, "స్టేషన్ దగ్గర వ్యాపారం చేసుకునే ఒకరు" అని రాసినా చిన్న టౌన్‌లో పట్టేస్తారు. "ఒక స్థానికుడు" చాలు. రికార్డు చేయాలంటే అడిగి చేయండి. వీడియో తీసి గ్రూపుల్లో పెట్టే అలవాటున్నవాళ్లను టీమ్‌లోకి తీసుకోకండి.

అదే లాకప్‌లో ఆ రాత్రి ఇంకెవరైనా ఉన్నారా అన్నది అడగాల్సిన పెద్ద ప్రశ్న. ఉంటే వాళ్లు ఇప్పుడు సబ్‌జైల్లో ఉంటారు. వాళ్లను మీ వకీలు ములాఖత్‌లో కలవాలి, మీరు కాదు.

5. ఆస్పత్రి

క్యాజువాలిటీలో మెడికో లీగల్ రిజిస్టరు ఉంటుంది. మనిషిని ఎన్నింటికి తెచ్చారు, ఎవరు తెచ్చారు, ప్రాణంతో తెచ్చారా, చనిపోయాకే తెచ్చారా అన్నది అందులో ఉంటుంది. చూపించకపోవచ్చు. అడగండి, కాదంటే కాదన్న టైమ్ రాసుకోండి. డ్యూటీ డాక్టరు రెండు నిమిషాలు నిలబడి మాట్లాడినా చాలు.

గాయాల విషయంలో నేను తిన్న దెబ్బ చెప్తాను. నా మొదటి టూర్‌లో భార్య చెప్పిందని "ఒంటినిండా గాయాలు" అని రాశాను. ఫొటోల్లో చూస్తే అరికాళ్ల మీద, తొడల వెనక మాత్రమే ఉన్నాయి. వీపు మీద ఎర్రటి మచ్చలనుకున్నవి చనిపోయాక నెత్తురు కిందికి దిగి ఏర్పడేవని తర్వాత డాక్టరు చెప్పాడు. ఆ ఒక్క మాట పట్టుకుని ప్రెస్‌మీట్‌లో ఒక అధికారి మా రిపోర్టు మొత్తాన్ని చెత్తబుట్టలో పడేశాడు. నిజానికి అరికాళ్ల మీద వరుసగా పడిన దెబ్బలు ఒంటినిండా గాయాలకంటే ఎక్కువే చెప్తాయి. ఎవరూ కిందపడి అరికాళ్లు కమిలించుకోరు కదా. ఉన్నదున్నట్టు రాసి ఉంటే అదే చాలేది.

కాబట్టి ఎక్కడ, ఎంత పొడవు, ఏ రంగు అన్నది మాత్రం రాయండి. దాని అర్థం చెప్పే పని డాక్టరుకు వదిలేయండి. ఉరి అంటే, మెడ మీద గుర్తు అడ్డంగా ఉందా, చెవి వెనక్కి ఏటవాలుగా పోయిందా చూడండి. స్టేషన్ లోపలికి రానిస్తే కొలత టేపు అక్కడ పనికొస్తుంది. కిటికీ ఊచ ఎంత ఎత్తులో ఉంది, మనిషి ఎంత ఎత్తు, దేనితో ఉరివేసుకున్నాడంటున్నారు, లాకప్‌లో పెట్టేటప్పుడు బెల్టులూ మొలతాళ్లూ తీయించే స్టేషన్‌లో అది ఎక్కడినుంచి వచ్చింది.

6. పోలీసుల మాట తప్పకుండా తీసుకోండి

కొత్తవాళ్లు దీన్ని వదిలేస్తారు. కోపం వల్ల కొంత, టెన్షన్ వల్ల కొంత. ఎస్‌ఐ లేకపోతే సీఐ, ఆయనా లేకపోతే డీఎస్పీ. మర్యాదగా "గారూ" అనే మాట్లాడండి. వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాయండి. కోట్ చేయొచ్చా అని అడగండి. కలవనంటే, "ఫలానా రోజు సాయంత్రం 4:30కి వెళ్లాం, మాట్లాడటానికి నిరాకరించారు" అని రాయండి. చాలాసార్లు వాళ్ల మాటల్లోనే గంటలు తేలిపోతాయి. "విచారణ కోసం పిలిచాం, అరెస్టు చేయలేదు" అంటారు. అయితే రాత్రంతా ఎందుకు ఉంచారు? నోటీసు కాపీ ఏది? అరెస్టు చేశామంటే, 24 గంటల్లో మెజిస్ట్రేటు ముందు ఎందుకు పెట్టలేదు? రాజ్యాంగం 22వ అధికరణ అడిగే ప్రశ్నే ఇది.

"వాడు పాత దొంగండీ, వాడి కోసం మీరెందుకు?" అన్న మాట స్టేషన్‌లోనూ వస్తుంది, బస్టాండులోనూ వస్తుంది. వాదనకు దిగొద్దు. దొంగకు శిక్ష వేయాల్సింది ఎవరో చట్టంలో రాసే ఉంది, ఆ శిక్షల్లో అరికాళ్ల మీద కొట్టడం లేదు. అంతవరకే చెప్పి లేవండి.

7. కాగితాలు

1996 డిసెంబరులో డి.కె.బసు కేసులో సుప్రీంకోర్టు పోలీసులు పాటించాల్సిన పదకొండు సూత్రాలు పెట్టింది. ఆ కేసు ఎలా మొదలైందో తెలుసా? పశ్చిమ బెంగాల్‌లో లీగల్ ఎయిడ్ సర్వీసెస్ అనే రిజిస్టర్డ్ సొసైటీ అధ్యక్షుడు 1986లో, పేపర్లలో వచ్చిన లాకప్ మరణాల వార్తలు జతచేసి ప్రధాన న్యాయమూర్తికి ఒక ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరాన్నే కోర్టు రిట్‌గా, అంటే ప్రాథమిక హక్కుల కోసం వేసే పిటిషన్‌గా తీసుకుంది. మీలాంటి సంఘం పనే అది. ఆ సూత్రాలు తర్వాత చట్టంలోకి కూడా చాలావరకు వచ్చాయి. వాటిని చెక్‌లిస్టులా పట్టుకెళ్లండి. అరెస్టు మెమో ఉందా? దాని మీద ఇంటివాళ్లో, ఊరి పెద్దమనిషో సాక్షి సంతకం చేశారా? టైమ్ వేశారా? ఇంటికి కబురు పెట్టారా? తెచ్చినప్పుడు ఒంటి మీద గాయాలున్నాయో లేదో చూసి రాశారా? 48 గంటలకోసారి డాక్టరుకు చూపించారా?

సంపాదించాల్సిన కాగితాలు చాలానే ఉన్నాయి. మరణం మీద కట్టిన ఎఫ్‌ఐఆర్, అతన్ని ఏ కేసులో తెచ్చామన్నారో ఆ ఎఫ్‌ఐఆర్, స్టేషన్‌లో రోజూ జరిగేవి రాసే జనరల్ డైరీ ఎంట్రీలు, శవపంచనామా, పోస్టుమార్టం రిపోర్టు. ఎఫ్‌ఐఆర్‌లను 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది, అక్కడ ముందు వెతకండి. మిగతావి ఆర్‌టీఐ కింద అడగండి. దర్యాప్తు జరుగుతోంది కాబట్టి ఇవ్వం అంటారు. ఇస్తే దర్యాప్తుకు ఎలా అడ్డమో చెప్పమని అప్పీలు వేయండి. మనిషి ఇంకా కస్టడీలో ఉంటే ప్రాణం, స్వేచ్ఛకు సంబంధించిన సమాచారం 48 గంటల్లో ఇవ్వాలి. చనిపోయాక మాత్రం మామూలు 30 రోజుల లెక్కే పెట్టుకోండి.

అన్నిటికంటే ముందు సీసీటీవీ. 2020 డిసెంబరులో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ప్రతి స్టేషన్‌లో లాకప్, వరండా, రాకపోకల దారులు అన్నీ కెమెరా కింద ఉండాలని, ఫుటేజీ 18 నెలలు, ఎంత లేదన్నా ఏడాది దాచాలని ఆదేశించింది. "ఆ రోజే కెమెరా పనిచేయలేదు" అన్న జవాబు మీకు వచ్చే అవకాశమే ఎక్కువ. అందుకే మొదటి రోజే ఫలానా తేదీ ఫలానా గంట నుంచి ఫలానా గంట దాకా ఫుటేజీ భద్రపరచండి అని ఎస్పీకి రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు స్టాంపు వేయించుకోండి. స్పీడ్ పోస్టులో ఇంకో కాపీ. రేపు అది లేదన్నా మీరు అడిగిన తేదీ మీ చేతిలో ఉంటుంది.

మొదటి రోజులు పోతే మళ్లీ రావు. 2007 ఆగస్టులో వాకపల్లి ఆదివాసీ మహిళలు పోలీసుల మీద అత్యాచారం ఫిర్యాదు చేశారు. మానవ హక్కుల వేదిక వాళ్ల వెంట ఏళ్లకు ఏళ్లు నిలబడింది. 2023 ఏప్రిల్‌లో విశాఖ కోర్టు నిందితులను విడుదల చేస్తూనే, దర్యాప్తు సరిగా చేయని కారణంగా ఆ మహిళలకు పరిహారం ఇమ్మంది. మొదట్లో సేకరించాల్సినవి సేకరించకపోతే పదహారేళ్ల తర్వాత జడ్జి చేయగలిగింది అంతే అయింది.

8. రిపోర్టు రాయడం

ఊరికి తిరిగొచ్చిన రాత్రే రాయడం మొదలుపెట్టండి. ముందు ఒక పెద్ద కాగితం మీద గంటల పట్టీ వేయండి. ఎడమవైపు టైమ్, మధ్యలో ఏం జరిగింది, కుడివైపు అది మనకెలా తెలుసు. మూడో గడి ఖాళీగా ఉన్న లైను రిపోర్టులోకి రాకూడదు. "మేము చూశాం", "ఆమె చెప్పింది", "కాగితంలో ఉంది" ఈ మూడూ ఎప్పుడూ కలవకూడదు.

కిరాతకంగా, పాశవికంగా, అమానుషంగా లాంటి మాటలు తీసేయండి. మన సంఘాల రిపోర్టుల్లో వీటి బరువు ఎక్కువ, నేనూ తక్కువేం రాయలేదు. 6:12 అన్న అంకె ముందు వాటికి పనిలేదు. ఒడిశాలో 1987లో ఒక ఇరవై రెండేళ్ల కుర్రాణ్ణి పోలీసులు తీసుకెళ్లాక మర్నాడు రైలు పట్టాల మీద శవమై దొరికాడు. పారిపోయి రైలు కింద పడ్డాడన్నారు. తల్లి నీలబతి బెహరా సుప్రీంకోర్టుకు ఉత్తరం రాసింది. ఆ గాయాలు రైలువి కావు, లాఠీలాంటి దానివి కావచ్చని డాక్టరు సాక్ష్యం ఉంది. 1993లో కోర్టు లక్షన్నర పరిహారం ఇమ్మంది. ఆ తీర్పు చదవండి. ఎక్కడ తీసుకెళ్లారు, ఎప్పుడు తీసుకెళ్లారు, ఎప్పుడు దొరికాడు అన్నదే దాని నడక.

మీకు వ్యతిరేకంగా దొరికిందీ రాయండి. అతను తాగి ఉన్నాడని ఊళ్లో ఇద్దరు చెప్పారా, రాయండి. గుండెజబ్బు ఉందా, రాయండి. మీరు దాచింది అవతలివాళ్లు బయటపెడితే మిగతాదంతా పోతుంది. కింద టీమ్ సభ్యుల పేర్లు ఉండాలి, సాక్షుల పేర్లు ఉండకూడదు.

డిమాండ్లు పొట్టిగా పెట్టండి. బాధ్యుల మీద ఎఫ్‌ఐఆర్, వేరే జిల్లా అధికారితోనో ఇంకో ఏజెన్సీతోనో దర్యాప్తు, జ్యుడీషియల్ మెజిస్ట్రేటు విచారణ, కుటుంబానికి పరిహారం. చనిపోయింది ఎస్సీ, ఎస్టీ మనిషైతే అట్రాసిటీ చట్టం వర్తిస్తుందో లేదో వకీలుతో చూపించండి. విచారణ సంగతి ప్రత్యేకంగా అడగండి. "ఆర్‌డీవో గారు విచారిస్తున్నారు" అని సరిపెడుతుంటారు, ఆయన రెవెన్యూ అధికారి, జడ్జి కాదు. కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 196వ సెక్షన్ ప్రకారం కస్టడీ మరణంలో పోలీసు దర్యాప్తుకు అదనంగా మెజిస్ట్రేటు విచారణ జరగాలి, ఆ చట్టంలో ఉత్త మెజిస్ట్రేటు అంటే జ్యుడీషియల్ మెజిస్ట్రేటే. పాత సీఆర్‌పీసీలో ఇది 176. స్టేషన్లలో ఇప్పటికీ పాత నంబరే వాడతారు, రెండూ గుర్తుపెట్టుకోండి.

9. ఎవరికి పంపాలి

ప్రెస్‌క్లబ్‌లో మీట్ పెడతారు, సరే. పేపర్లో జిల్లా పేజీలో నాలుగు లైన్లు వస్తాయి. ఆ రోజుతో పని అయిపోయిందనుకోవద్దు. రిపోర్టు కాపీ ఎస్పీకి, కలెక్టరుకు, జిల్లా జడ్జికి, రాష్ట్ర, జాతీయ మానవ హక్కుల కమిషన్లకు పంపండి. కస్టడీ మరణం గురించి 24 గంటల్లో జాతీయ కమిషన్‌కు తెలపాలని 1993 నుంచీ ఆదేశం ఉంది. తెలిపారా అని అడగండి. కమిషన్‌కు ఫిర్యాదు తెలుగులోనే రాయొచ్చు, ఫీజు లేదు. కానీ ఘటన జరిగిన ఏడాది దాటితే తీసుకోరు. కుటుంబానికి వకీలు ఖర్చు భారమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పంపండి, 15100కి ఫోన్ చేసినా చెప్తారు. హైకోర్టులో రిట్ వేయాలా వద్దా అన్నది కుటుంబంతో, వకీలుతో కూర్చుని తేల్చుకోండి. వేసినవాళ్ల ఇంటికి "రాజీ పడండి" అంటూ మనుషులొస్తారు. ముందే చెప్పి ఉంచండి.

10. మళ్లీ వెళ్లడం

మెజిస్ట్రేటు విచారణకు హాజరయ్యే హక్కు బంధువులకుంది. నోటీసు వస్తుంది, ఒక్కోసారి విచారణకు ఒకరోజు ముందే వస్తుంది. ఆ రోజు మీలో ఒకరు చనిపోయినతని భార్యతో వెళ్లండి. కోర్టు వరండాలో పొద్దున పదిన్నర నుంచి కూర్చుంటే సాయంత్రం నాలుగింటికి పిలవొచ్చు. ఆమె పక్కనే, అదే బల్ల మీద, ఆ స్టేషన్ వాళ్లు కూర్చుని ఉంటారు. నీళ్ల సీసా, నాలుగు ఇడ్లీలు, ఆమె ఇచ్చిన మొదటి వాంగ్మూలం కాపీ తీసుకెళ్లండి. లోపలికి వెళ్లే ముందు ఒకసారి చదివి వినిపించండి. పాల స్లిప్పు మీద అచ్చు రెండు నెలల్లో వెలిసిపోతుంది కాబట్టి, దాని జిరాక్సు కూడా.